బెల్లం వెళ్ళే దారి వేరు, దుమ్ము వెళ్ళే దారి వేరు

ప్రశ్న: మా నాన్నగారు పెట్టిన చిన్న ఫౌండ్రీని మూడేళ్ళుగా నేను చూసుకుంటున్నాను. జీడిమెట్లలో ఉంది. పంపులకు, వాల్వులకు పోత ఇనుము బాడీలు చేస్తాం. అందరం కలిసి ముప్ఫై నాలుగు మందిమి. ఫెట్లింగులో (పోత పోసిన వస్తువులకు అంటిన ఇసుక, మిగులు ఇనుము రుద్ది తీసే పనిలో) పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్న ఒకాయనను చిన్నప్పటి నుంచి బాబాయ్ అని పిలుస్తాను. రెండేళ్ళుగా ఆయనకు దగ్గు, ఆయాసం. టీబీ అని ఆరు నెలలు మందులు వాడారు, తగ్గలేదు. మొన్న ఛాతీ డాక్టరు ఎక్స్‌రే చూసి సిలికోసిస్ (ఇసుక దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) అన్నారు, నయం చేసే మందు లేదన్నారు. అందరికీ మాస్కులు కొనిచ్చాను, పది నిమిషాలు పెట్టుకుని తీసేస్తున్నారు. నాన్నగారి కాలం నుంచీ సాయంత్రం తలా ఒక బెల్లం ముక్క ఇచ్చే అలవాటు ఉంది, అదీ ఇస్తున్నాం. షెడ్డు మొత్తానికి దుమ్ము లాగే యంత్రాలు పెట్టడానికి ఒక కంపెనీ చెప్పిన ధర మా శక్తికి మించింది. మిగిలినవాళ్ళను కాపాడుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? బాబాయ్‌కి నేనేం చేయాలి?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా,

మీరు చివర అడిగిన దానికే ముందు జవాబు చెబుతాను. అందులో ఆలస్యం పనికిరాదు.

మీ బాబాయ్‌ని రేపటి నుంచి దుమ్ములో నిలబెట్టకండి. స్టోర్సులోనో, ప్యాకింగులోనో, గేటు దగ్గరో ఏదో ఒక పని చూపించండి. జీతంలో మాత్రం ఒక్క రూపాయి తగ్గించకండి. తగ్గిస్తే నెల తిరగకముందే ఆయనే వచ్చి మళ్ళీ గ్రైండరు ఇమ్మంటాడు, ఇల్లు గడవాలి కదా. ఊపిరితిత్తుల్లో పడిన ఆ మచ్చలు మానవు. దుమ్ముకు దూరమైన తరువాత కూడా కొందరిలో జబ్బు మెల్లగా ముదురుతూనే ఉంటుంది. అలాగని అక్కడే ఉంచితే మరింత తొందరగా ముదురుతుంది. ఆయనకు మీరు ఇవ్వగలిగిన మొదటి మందు దుమ్ము లేని గాలి.

రెండో సంగతి టీబీ. సిలికోసిస్ అని తేలింది కాబట్టి ఇక టీబీ లేదని అనుకోకండి. ఈ రెండూ తోడు దొంగల్లాంటివి. టీబీ క్రిమిని మింగి చంపవలసిన కణాలనే ఇసుకలో ఉండే సిలికా ముందు దెబ్బతీస్తుంది, కాబట్టి ఈ జబ్బు ఉన్నవాళ్ళకు టీబీ సోకే అవకాశం మామూలువాళ్ళకంటే కొన్ని రెట్లు ఎక్కువ. కళ్ళె పరీక్ష మళ్ళీ చేయించండి. ఇప్పుడు టీబీ లేదని తేలితే, రాకుండా ముందుగా ఇచ్చే మందుల గురించి డాక్టరును అడగండి. మన జాతీయ టీబీ కార్యక్రమం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ మందులు పొందదగినవారిలో సిలికోసిస్ రోగులూ ఉన్నారు. బీడీ అలవాటు ఉంటే మాన్పించండి. ఈ విషయంలో మీ మాటకు ఆయన దగ్గర ఉన్నంత బలం డాక్టరు మాటకు ఉండకపోవచ్చు.

మూడోది మీకు కష్టంగా అనిపించేది. సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షను ఫ్యాక్టరీ నడిపేవాళ్ళ మీద, వైద్యం చేసిన డాక్టరు మీద కూడా ఆ బాధ్యత పెట్టింది. దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి కార్మిక భద్రత కోడ్‌లోనూ ఈ జబ్బు ఆ జాబితాలోనే ఉంది. నా ఫ్యాక్టరీ మీద నేనే ఫిర్యాదు రాసుకోవాలా అని మీకు అనిపించవచ్చు. రాయండి. ఆ కాగితం లేకపోతే ఆయన జబ్బు ఎక్కడా నమోదు కాదు, ఆయనకు రావలసింది రాదు. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్ళకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. అందులో సిలికోసిస్‌ను వృత్తి జబ్బుగా గుర్తించి, పనిలో జరిగిన గాయంతో సమానంగా చూస్తారు. మెడికల్ బోర్డు నష్టాన్ని అంచనా వేసి నెలనెలా డబ్బు నిర్ణయిస్తుంది. ఈఎస్‌ఐ లేనివాళ్ళకు 1923 నాటి పరిహార చట్టం ఉండేది, దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి సామాజిక భద్రత కోడ్ జాబితాలోనూ ఈ జబ్బు ఉంది. ఆయన ఈఎస్‌ఐ కార్డు ఎప్పటి నుంచి నడుస్తోందో, మధ్యలో ఆగిందేమో ఈ వారంలోనే చూడండి.

ఇక మిగిలిన ముప్ఫై మూడు మంది సంగతి. ఈ లెక్కలో మీరూ ఉన్నారు.

ముందు బెల్లం గురించి చెప్పాలి. నేను ముప్ఫయ్యేళ్ళకు పైగా ఫౌండ్రీ షెడ్లలో భద్రత పని చూశాను. బెల్లం పంచని షెడ్డును చాలా తక్కువగా చూశాను. కొన్నిచోట్ల అరటిపండు, కొన్నిచోట్ల పాలు. మీ నాన్నగారు ప్రేమతో పెట్టిన అలవాటు అది, మానమని చెప్పను, అలసిన ఒంటికి బెల్లం మంచిదే. కానీ అది దుమ్మును కడుగుతుందన్న నమ్మకం మాత్రం షెడ్డులో ఎవరికీ మిగలనివ్వకండి. బెల్లం గొంతు దాటి కడుపులోకి వెళుతుంది. దుమ్ము గాలిగొట్టం గుండా ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి సంచుల దాకా వెళుతుంది. గొంతు దాటాక ఈ రెండు దారులూ ఎక్కడా కలవవు. బెల్లం తిన్నాం కదా అన్న ధైర్యం వల్ల జరిగే కీడు, బెల్లం వల్ల కలిగే మేలు కంటే పెద్దది.

మీరు మౌల్డింగుకు, అంటే అచ్చుల తయారీకి, వాడే ఇసుక గూడూరు వైపు నుంచి వస్తుంటే, ఆ చిల్లకూరు, కోట మండలాల తెల్ల ఇసుకలో నూటికి తొంభై వంతుల పైన సిలికాయే. ఇసుక రేణువు ఇసుక రేణువుగా ఉన్నంతకాలం మనిషిని చంపదు. అది పెద్దది, బరువైనది, ముక్కు దాటి లోతుకు పోలేదు. కరిగిన ఇనుము తాకి, పగిలి, గ్రైండింగు రాయి కింద నలిగి పది మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నదైనప్పుడు అసలు ప్రమాదం మొదలవుతుంది. మన తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే, ఇది ఎంత చిన్నదో తెలుస్తుంది. ఒక మైక్రాను రేణువు కదలని గాలిలో మనిషి ఎత్తు నుంచి నేలకు దిగడానికి ఐదారు గంటలు పడుతుంది. ఫౌండ్రీలో గాలి కదలకుండా ఎప్పుడుంటుంది? కాబట్టి అది దిగదు, షిఫ్టంతా ముఖాల ముందే తేలుతూ ఉంటుంది. లోపలికి పోయిన రేణువును మన ఒంటి రక్షణ కణం మింగుతుంది, జీర్ణం చేసుకోలేక చస్తుంది, రేణువు బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది. చచ్చిన చోటల్లా మచ్చ కడుతుంది. ఏళ్ళ తరబడి సాగేది ఇదే. దీనివల్ల ఊపిరితిత్తుల క్యాన్సరు కూడా వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే తేల్చింది.

కంటికి కనిపించే దుమ్మును చూసి మనం భయపడతాం, అది కిందికి దిగగానే ఊరట పడతాం. నిజానికి కనిపించనిదే చంపుతుంది. ఈ మాట నోటితో చెబితే ఎవరూ నమ్మరు, కాబట్టి చూపించండి. ఒక సాయంత్రం చీకటి పడ్డాక, ఫెట్లింగు నడుస్తుండగా, ఆ మూల పెద్ద దీపాలు ఆర్పించండి. పని సాగడానికి కావలసినంత వెలుగు ఉంచండి, ఎవరి చేతికీ దెబ్బ తగలకూడదు. గట్టి వెలుగున్న టార్చిని గ్రైండింగు చేసే మనిషికి ఒక పక్క స్టాండు మీద పెట్టండి. మీరు రెండో పక్క, టార్చికి ఎదురుగా, కాస్త ఓరగా నిలబడండి. బల్బు నేరుగా కంట్లో పడకుండా మధ్యలో ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుని, దాని అంచు పక్కగా వెలుగు దారిని చూడండి. మామూలు వెలుతురులో ఖాళీగా కనిపించిన గాలి అక్కడ పొగలా సుడులు తిరుగుతూ కనబడుతుంది. రాయి నుంచి లేచి, మనిషి ఛాతీ మీదుగా పాకి, సరిగ్గా ముక్కు దగ్గర రెండుగా చీలి, భుజాల వెనక్కి పోతుంది. అతను ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ పొగలో కొంత లోపలికి లాగబడటం కూడా కనిపిస్తుంది. ఇది పరిశ్రమల ఆరోగ్య నిపుణులు వాడే పద్ధతే, ఖర్చు టార్చి వెల. అందరినీ ఒక్కొక్కరుగా పిలిచి చూపించండి. మొదటిసారి చూసిన రోజు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

ఆ టార్చి మీకు ఇంకో మేలు చేస్తుంది. డబ్బు ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది. షెడ్డు మొత్తానికి యంత్రాలు అక్కరలేదు. దుమ్ము నాలుగైదు చోట్ల పుడుతుంది, ఆ చోట్ల పట్టుకుంటే చాలు. షెడ్డు అంతటా పరుచుకున్నాక పట్టుకోవడానికే ఆ పెద్ద ధర.

డబ్బు అక్కరలేని పని ఒకటి ముందు చేయండి. కంప్రెసర్ గాలితో దులపడం ఆపించండి. ఈ మాట రాస్తున్నప్పుడు నాకొక మనిషి గుర్తుకొస్తున్నాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫౌండ్రీలో చూశాను. షిఫ్టు అయిపోగానే ఆయన గాలి గొట్టం తీసుకుని కళ్ళు గట్టిగా మూసుకుని ముందు జుట్టు, తరువాత మెడ వెనక, కాలరు లోపల, చొక్కా జేబులు, పాంటు మడతలు ఊదుకున్నాడు. చివర స్టీలు టిఫిను డబ్బా మూత తీసి దాన్నీ ఊదాడు. చుట్టూ బూడిద రంగు మబ్బు కమ్మింది, అందులో నిలబడి ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు. ఎందుకన్నా అలా అని అడిగితే, "ఇంటికెళ్ళగానే మా పాప మీదికెక్కుతుంది సార్, ఒంటి మీద మట్టి ఉండకూడదు కదా" అన్నాడు. పిల్ల మీద ప్రేమతో రోజూ ఆ పది నిమిషాల్లో ఆయన పీల్చింది, బహుశా షిఫ్టంతా పీల్చినదానికి తీసిపోదు. ఆయనకు కావలసింది ఒక పంపు, ఒక సబ్బు, బట్టలు మార్చుకోవడానికి నాలుగు గోడల చాటు. ఆ ఫ్యాక్టరీ అవి ఇవ్వలేదు. మీరు ఇవ్వండి. పని బట్టలు ఇంటికి పోకుండా అక్కడే ఉతికించే ఏర్పాటు కూడా చేయండి, లేకపోతే ఇంటి దగ్గర వాటిని దులిపేది ఆ ఇంటి ఇల్లాలే.

ఊదడం ఆపితే శుభ్రం ఎలా అంటారు. నేలకు, యంత్రాలకు, పైన దూలాల మీద పేరుకున్నదానికి మంచి ఫిల్టరున్న పారిశ్రామిక వాక్యూమ్ క్లీనరు కొనండి. ఇంట్లో వాడేది పనికిరాదు, అది సన్నటి దుమ్మును వెనక నుంచి వదిలేస్తుంది. పొడి చీపురు కూడా ఆపాలి. ఎండకాలమని ఫెట్లింగు మూలలో పెడెస్టల్ ఫ్యాన్లు పెట్టి ఉంటారు, వాటి దిక్కు టార్చి వెలుగులో చూడండి. ఒకరి దుమ్మును తీసుకెళ్ళి ఇంకొకరి ముఖాన కొట్టే ఫ్యాన్లు నేను చాలా చూశాను.

నీళ్ళ గురించి ఒక హెచ్చరిక. దుమ్ముకు నీళ్ళు మంచి విరుగుడే, తడి ఇసుక మన మాట వింటుంది. మౌల్డింగు దగ్గర దుమ్ము తక్కువగా ఉండటానికి కారణం ఆ ఇసుకలో ఉండే కాస్త తేమే. కానీ ఫౌండ్రీలో నీళ్ళు ఎక్కడ పడితే అక్కడ చల్లకూడదు. కరిగిన లోహం కింద నీటి చుక్క చిక్కితే అది ఆవిరై దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది, లోహాన్ని ఎగజిమ్ముతుంది. పోత పోసే చోట, ఫర్నేసు చుట్టూ, లేడిల్ (కరిగిన లోహం మోసే పాత్ర) వెళ్ళే దారిలో నేల పొడిగా ఉండి తీరాలి. అక్కడ వాక్యూమ్ తప్ప వేరే దారి లేదు. ఈ ఒక్క విషయం మీ ఆఫీసులో బోర్డు మీద రాసి పెట్టించినా తప్పులేదు.

ఇప్పుడు ఫెట్లింగు. మీ షెడ్డులో ఎక్కువమంది ఊపిరి పోతున్నది ఇక్కడే అని నా అనుభవం చెబుతోంది. చాలామంది మొదలుపెట్టేది గ్రైండరు దగ్గర, నేను మాత్రం దానికి ముందు జరిగే వాటి దగ్గర మొదలుపెట్టమంటాను. కాస్టింగుకు, అంటే పోత పోసిన వస్తువుకు, ఇసుక ఎందుకు అంటుకుంటోంది? అచ్చు సరిగ్గా గట్టిపడక, ఇసుక నాణ్యత చాలక, లోహం మరీ వేడిగా పోయడం వల్ల, అచ్చుకు పూత సరిగ్గా వేయక. జిర్కాన్ పూతో, గ్రాఫైట్ పూతో శ్రద్ధగా వేస్తే కాస్టింగు ఇసుక వదిలించుకుని బయటికి వస్తుంది. అంటుకోని ఇసుకను ఎవరూ రుద్దనక్కరలేదు. కోర్లకు (వస్తువు లోపల బోలుగా రావడానికి అచ్చులో పెట్టే ఇసుక దిమ్మలకు) జిగురుగా సోడియం సిలికేట్ వాడుతుంటే పోసిన తరువాత అవి రాయిలా గట్టిపడి, లోపల నుంచి పొడిచి తీయవలసి వస్తుంది. వాటిని సులువుగా రాలిపోయేలా చేయడానికి కలిపే పదార్థాల గురించి మీ కోర్ల మనిషితో, సరుకు అమ్మే వాళ్ళతో కూర్చుని మాట్లాడండి. ఈ ఖర్చు దుమ్ము ఖాతాలో వేయకండి, గ్రైండింగు రాళ్ళలో, కరెంటులో, తిరిగొచ్చే మాలులో మీకే మిగులుతుంది.

ఆ తరువాత పని వరుస మార్చండి. మీ దగ్గర షాట్ బ్లాస్టింగ్ యంత్రం ఉంటే, గ్రైండింగు అయ్యాక మెరుపు కోసం చివర వాడుతుంటారు. ముందు వాడండి. నాకౌట్ (అచ్చు పగలగొట్టి కాస్టింగును బయటికి తీయడం) తరువాత కాస్టింగును చల్లారనిచ్చి, తలుపు మూసిన ఆ పెట్టెలో ఉక్కు గుళ్ళతో కొట్టిస్తే అంటుకున్న ఇసుకలో చాలా భాగం అక్కడే, దాని సొంత ఫిల్టరులోకి పోతుంది. అప్పుడు గ్రైండరు దగ్గరికి వచ్చేది దాదాపు ఇనుమే. ఒకవేళ ఇంకా ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తుంటే ఇవాళే ఆపండి. కాస్టింగులను ఇసుకతో బ్లాస్ట్ చేయడాన్ని బ్రిటన్ 1949లోనే నిషేధించింది. మరుసటి ఏడాది అచ్చు పెట్టెల మధ్య చల్లే సిలికా పార్టింగ్ పౌడరును కూడా నిషేధించింది. మీ మౌల్డర్లు చల్లే పౌడరు సంచి మీద ఏం రాసి ఉందో చదవండి.

ఇప్పుడు గ్రైండరు దగ్గర దుమ్ము లాగే గొట్టం. ఇక్కడ మీ డబ్బు వృథా కాకుండా ఒక విషయం చెబుతాను. దీపాన్ని ఊది కాస్త దూరం నుంచైనా ఆర్పగలం, గాలి లోపలికి పీల్చి ఆర్పాలంటే మాత్రం పెదాలు దాదాపు అంటుకోవాలి. దుమ్ము లాగే హుడ్డుదీ అదే స్వభావం. గొట్టం మూతి ఎంత వెడల్పో అంత దూరం జరిగేసరికి గాలి వేగం సుమారు పదో వంతుకు పడిపోతుంది. తల పైన ఎత్తున వేలాడే పెద్ద గొడుగు లాంటి హుడ్డు చూడటానికి ఘనంగా ఉంటుంది, కానీ దుమ్ము దాన్ని చేరే దారిలో మనిషి ముక్కును దాటి వెళుతుంది. మూడు పక్కలు మూసిన చిన్న గూడు లాంటి బల్ల చేయించండి. కాస్టింగు ఆ గూట్లో ఉండాలి, లాగే గాలి మనిషి వెనక నుంచి వచ్చి కాస్టింగు మీదుగా గూటి వెనక్కి పోవాలి. నిప్పురవ్వలు ఎటు ఎగురుతాయో మూతి అటే ఉండాలి. బరువైన కాస్టింగు చుట్టూ మనిషి తిరుగుతూ గ్రైండ్ చేసే బదులు, తిరిగే బల్ల మీద పెట్టి కాస్టింగునే తిప్పాలి. చేతి గ్రైండర్లకు రాయి చుట్టూ తొడిగే ష్రౌడ్లు, వాటికి తగిలించే వాక్యూమ్ గొట్టాలు దొరుకుతాయి. గొట్టాల్లో గాలి సెకనుకు పద్దెనిమిది, ఇరవై మీటర్ల వేగంతో పోకపోతే దుమ్ము మధ్యలోనే కూలబడి దారి మూసేస్తుంది. పెట్టే కంపెనీని ఈ అంకె రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. బ్యాగ్ ఫిల్టరుకు (లాగిన దుమ్మును పట్టే గుడ్డ సంచుల పెట్టెకు) పీడనం చూపే మీటరు ఉండాలి, దాని అంకె రోజూ ఒకరు పుస్తకంలో రాయాలి. వారానికోసారి ఒక ఊదుబత్తి వెలిగించి ప్రతి హుడ్డు ముందూ పెట్టి చూడండి. పొగ లోపలికి వంగకపోతే ఆ హుడ్డు అలంకారానికి ఉన్నట్టే. రెండు బల్లలతో మొదలుపెట్టండి, అవి బాగా నడిచాక మూడోది చేయించండి.

చాలామంది మరిచిపోయేది ఫర్నేసు లైనింగు, అంటే దాని లోపలి పొర. ఇండక్షన్ ఫర్నేసు లోపల కొట్టే ర్యామింగ్ మాస్ అనే పొడి దాదాపు అంతా సిలికాయే. ఆ వేడికి అందులో కొంత క్రిస్టోబలైట్ అనే మరో రూపంలోకి మారుతుంది, అదీ అంతే ప్రమాదకరం. పాత లైనింగును సుత్తి, డ్రిల్లు పట్టి కొట్టి తీసేటప్పుడు ఆ ఇరుకులో వంగిన మనిషి కొద్ది గంటల్లో పీల్చేది మిగతావాళ్ళు చాలా రోజుల్లో పీల్చేదానికి సమానం కావచ్చు. ఫర్నేసు పూర్తిగా చల్లారి, కరెంటు తెగ్గొట్టి తాళం వేశాకే ఆ పని మొదలుపెట్టించండి. గాలి లాగే గొట్టం లోపలికి దించి ఉంచండి. ఆ పనిలో ఉన్నంతసేపు సాధారణ మాస్కు చాలదు, మోటారుతో శుభ్రమైన గాలి అందించే తలకవచం కావాలి. అది ఒక్కటి కొనగలిగినా ముందు ఈ పని చేసేవాడికే ఇవ్వండి. ఆ సమయంలో మిగిలినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఉండకూడదు.

మాస్కుల మాట ఇంతసేపటికి ఎందుకు వచ్చిందో మీకు అర్థమై ఉంటుంది. వాళ్ళు తీసేస్తున్నారని కోప్పడకండి. ఆ వేడిలో, ఆ చెమటలో ఎనిమిది గంటలు ముక్కు బిగించుకుని బరువైన గ్రైండరు పట్టుకోవడం మీరొక గంట చేసి చూడండి. మాస్కు అవసరమే, హుడ్డులు వచ్చేదాకా మరీ అవసరం, నాకౌట్ దగ్గర ఆ తరువాతా అవసరమే. కానీ అది కట్టుకున్నవాడి ఓపిక మీద ఆధారపడిన రక్షణ. హుడ్డు ఎవరి ఓపిక మీదా ఆధారపడదు. కొనేటప్పుడు ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 గానీ, ఎన్95 గానీ కొనండి. చేతిరుమాలు, తువ్వాలు, డాక్టర్లు కట్టుకునే పల్చటి మాస్కు పెద్ద రేణువులను ఆపి, చంపే రేణువులను వదిలేస్తాయి. గడ్డం ఉన్న చోట మాస్కు అతకదు, గాలి పక్కనుంచి దూరుతుంది. సరిగ్గా అతికిన మంచి మాస్కు కూడా లోపలికి పోయేదాన్ని పదో వంతుకు తగ్గిస్తుందనే లెక్క వేస్తారు. దుమ్ము విపరీతంగా ఉన్న చోట ఆ పదో వంతు కూడా ఎక్కువే. మధ్యమధ్య గాలి బాగున్న చోట పది నిమిషాలు విశ్రాంతి ఇస్తే పెట్టుకుంటారు, నేను చూశాను.

ఎంత దుమ్ము ఉంటే ఎక్కువ అంటారా? అమెరికాలో 2016 నుంచి ఘనపు మీటరు గాలికి సిలికా 50 మైక్రోగ్రాములు దాటకూడదు, 25 దాటగానే చర్యలు మొదలుపెట్టాలి. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం పెట్టిన సూత్రం వేరు. పీల్చదగిన దుమ్ములో ఉన్న క్వార్ట్జ్ (ఇసుకలోని సిలికా స్ఫటికం) శాతానికి రెండు కలిపి, ఆ అంకెతో పదిని భాగిస్తే వచ్చేది అనుమతించే దుమ్ము, మిల్లీగ్రాముల్లో. లెక్క వేసి చూస్తే అందులో క్వార్ట్జ్ వాటా సుమారు 100 మైక్రోగ్రాముల దగ్గర ఆగుతుంది, అంటే అమెరికా పరిమితికి రెట్టింపు. మీరు 50నే మీ గీతగా పెట్టుకోండి. ఒక షిఫ్టులో మనిషి పది ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడనుకుంటే, ఆ గీత దగ్గర లోపలికి పోయేది అర మిల్లీగ్రాము. ముప్పావు మిల్లీమీటరు కంటే కాస్త చిన్నదైన ఒక్క ఇసుక రేణువును మెత్తగా నూరితే అంత వస్తుంది. రోజుకు ఒక్క రేణువు. మీ ఫెట్లింగు మూలలో ఎన్ని రేణువులు నలుగుతున్నాయో ఊహించండి.

కొలత అంచనాతో కాదు, నడుముకు చిన్న పంపు, చొక్కా కాలరుకు దాని గొట్టం మూతి తగిలించి షిఫ్టంతా గాలి తీసి, ల్యాబులో క్వార్ట్జ్ చూసి చెప్పాలి. కేంద్ర కార్మిక శాఖ కింద చెన్నైలో ఉన్న ప్రాంతీయ కార్మిక సంస్థను, అహ్మదాబాద్ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ బెంగళూరులో నడిపే ప్రాంతీయ కేంద్రాన్ని అడగండి. హుడ్డులు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి కొలిపించండి. ఆ రెండో కాగితం మీ డబ్బు పనిచేసిందో లేదో చెబుతుంది. మనం చిన్నప్పుడు పలక మీద దిద్దిన బలపాల లాంటివి కోస్తూ మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ కార్మికులు నడి వయసైనా చేరకముందే సిలికోసిస్‌తో పోయారు. అక్కడ ఆ అహ్మదాబాద్ సంస్థవాళ్ళు చేసిన పని కూడా ఇదే తోవ, కోసే యంత్రం దగ్గరే దుమ్మును లాగించడం.

అందరికీ ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊది చూసే పరీక్ష ఇప్పుడొకసారి, తరువాత ఏటా చేయించండి. ఎక్స్‌రే చదివే డాక్టరుకు ఈ జబ్బు తెలిసి ఉండాలి, లేకపోతే బాబాయ్‌కి జరిగిందే ఇంకొకరికి జరుగుతుంది. మామూలుగా ఈ జబ్బు పదేళ్ళ తరువాత బయటపడుతుంది, దుమ్ము ఎక్కువైతే ఐదేళ్ళకే. పరీక్షలో తేలితే ఉద్యోగం పోతుందన్న భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు, దగ్గు దాచుకుంటారు. కాబట్టి పరీక్షలకు ముందే అందరినీ కూర్చోబెట్టి, ఏం తేలినా జీతం తగ్గదు, పని పోదు అని మీ నోటితో చెప్పండి. బాబాయ్‌ని అప్పటికే కొత్త పనిలో, పాత జీతంతో చూసి ఉంటే ఆ మాట నమ్ముతారు. కాంట్రాక్టరు తెచ్చిన మనుషులను కూడా ఆ వరుసలోనే నిలబెట్టండి. పీల్చే గాలి అందరిదీ ఒకటే.

మీరు అడగనిది ఒకటి మిగిలింది. మీ నాన్నగారి కాలం నుంచి ఉన్న హాజరు పుస్తకాలు తీయండి. ఫెట్లింగులో, నాకౌట్‌లో, లైనింగు పనిలో ఏడాదికి మించి పనిచేసి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాయండి. కొందరు ఒడిశాకో, బిహార్‌కో, శ్రీకాకుళానికో తిరిగి వెళ్ళి ఉంటారు. వాళ్ళలో ఎవరో ఈ పాటికి ఏదో ఊళ్ళో టీబీ మందులు వాడుతూ, తగ్గడం లేదేమిటని అనుకుంటూ ఉండవచ్చు. దొరికిన నెంబర్లకు మీరే ఫోను చేయండి. ఎక్స్‌రే తీయించుకోమనండి, ఫౌండ్రీలో ఇసుక దుమ్ములో ఇన్నేళ్ళు పనిచేశానని డాక్టరుకు ముందుగా చెప్పమనండి. ఏ పనిలో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా పనిచేశారో ఒక ధ్రువపత్రం ఇవ్వండి. పరిహారం అడగడానికి వెళ్ళినప్పుడు చాలామంది దగ్గర లేనిది ఆ ఒక్క కాగితమే. పుస్తకాల్లో లేని పేర్లు కూడా ఉంటాయి. వాటి కోసం బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. పద్నాలుగేళ్ళలో తన పక్కన నిలబడి గ్రైండరు పట్టినవాళ్ళందరూ ఆయనకు గుర్తుంటారు.